నిలబెట్టిన సీసా

తాయారు మెట్లు దిగుతోంది. దిగుతున్న కొద్దీ రాయి చల్లగా పాదాలకు తగులుతోంది, ఎన్ని దిగినా అడుగునేల అందడం లేదు, తలెత్తి చూస్తే ఆ మెట్లన్నీ తన వంటింట్లో రుబ్బురోలు కిందనుంచే మొదలైనట్టు కనిపిస్తున్నాయి, ఇన్నేళ్ళుగా ఆ రోలు పక్కనే కూర్చుని పచ్చళ్ళు రుబ్బిన తనకు దానికింద ఇంత లోతు ఉందని ఎందుకు తెలియలేదో ఆమెకు అర్థం కావడం లేదు. యానాంలో నాలుగు మూరలు తవ్వితే గోదావరి నీళ్ళు ఊరుతాయి. ఇక్కడ మాత్రం ఎంత దిగినా చుక్క నీరు లేదు, ఉన్న తడంతా ఆమె కుడిచేతికే ఉంది. మణికట్టు దాకా తడిసిపోయిన ఆ చెయ్యి పమిటకు ఎన్నిసార్లు తుడిచినా ఆరడం లేదు.

నేల తగిలేసరికి అది నేలమాళిగ. వంపు తిరిగిన రాతికప్పు కింద, అటుచివర ఎక్కడుందో తెలియకుండా పొడుగ్గా సాగిపోతున్న చోటు. తాయారు కాకినాడ దాటి వెళ్ళింది ఒకే ఒక్కసారి, అదీ తిరుపతికి. ఫ్రాన్సు ముఖం ఆమె ఎక్కడ చూస్తుంది! అయినా చూడగానే గుర్తుపడుతుంది. మావగారు కొల్లాటి నూకరాజు ఏళ్ళ తరబడి వీధరుగు మీద కూర్చుని రాయీ రాయీ వర్ణించి చెప్పిన షాతో మోర్వాల్ ఇదే, మూడు వందల ఏళ్ళుగా ఒకే ఇంటివాళ్ళ చేతిలో ఉన్న ద్రాక్షతోట, దాని కింద వైను నిలవచేసే మాళిగ, ఆయన ముప్పై ఏళ్ళు పనిచేసిన చోటు. కాకపోతే పీపాలు ఉండవలసిన చోట మనిషెత్తు జాడీలున్నాయి, ప్రతి జాడీకీ వాసెన బిగించి కట్టి ఉంది, ఆ వాసెన గుడ్డలన్నీ తన పాతచీరల ముక్కలే. పచ్చడి జాడీల మధ్యకు తడిచేత్తో వచ్చిందా తను! ఆవకాయ పెట్టడంలో యానాం మొత్తానికి పేరున్న మనిషికి అంతకంటే అప్రదిష్ట ఉందా?

నూకరాజు అక్కడే ఉన్నాడు. ఏడాది కిందట పోయిన మనిషి, పంచెమీద నీలంరంగు ఏప్రాను కట్టుకుని, వీపు ఇటు పెట్టి, ఒక జాడీకి చెవి ఆనించి లోపల ఏం జరుగుతోందో వింటున్నాడు.

"తడిచెయ్యేనా అమ్మాయ్?" అంటాడు వెనక్కి తిరక్కుండానే.

తాయారు చెయ్యి పమిటలో దాచుకుంటుంది. "లేదండి మావయ్యగారూ, తుడుచుకున్నానండి."

"చుక్కలు పడతన్నాయి. ఇనబడతంది నాకు."

ఆ గొంతు ఆయనదే, కానీ ముద్దముద్దగా ఉంది, పైగా ఆయన నిలబడ్డ చోటునుంచి కాకుండా ఒక్క క్షణం ఆలస్యంగా జాడీల వెనకనుంచి వస్తోంది. తాయారుకు భయం వేస్తోంది. బతికుండగా ఆ మనిషి అంటే ఆమెకు భయం లేదు, నోటికి నోరు అన్నట్టు వాదించేది. పోయినవాళ్ళతో వాదించడం వేరే సంగతి.

"నిన్ననే కదండీ మీ సంవత్సరీకం చేసేం," అంటుంది మెల్లగా. "గారెలు వండేను, బూరెలు వండేను. పంతులుగారు కడుపునిండా తిని, ఇంక ఆయన వెళ్ళిపోయినట్టేనమ్మా అన్నారండి."

"పంతులుగారికేం తెలుసు, చెయ్యి కడుక్కుని ఆయన వెళ్ళిపోయేరు. నా పని అవలేదు కదా, నేనెలా వెళ్తాను?" ఆయన ఇంకో జాడీకి చెవి ఆనిస్తాడు. "పైన గ్లాసుల చప్పుడు వస్తంది. ఎవరొస్తన్నారు?"

చెప్పక తప్పదు. కలలో అబద్ధమాడదామన్నా నోరు తిరగడం లేదు. "ఓదిల్ గారండి, మీ పెద్ద మదాం గారి మనవరాలు. ఇప్పుడు తోట అంతా ఆవిడే చూసుకుంటున్నారంట. మాళిగ గోడమీద మీరు సుద్దముక్కతో రాసిన తెలుగు అక్షరాలు ఇంకా ఉన్నాయంట. పాండిచ్చేరి వచ్చి, అక్కణ్ణించి ఇవాళ సాయంత్రానికి మనింటికి వస్తున్నారండి. మీ అబ్బాయి కాకినాడ వెళ్ళి ఆరు గాజుగ్లాసులు కొనుక్కొచ్చేరు."

"ఆ సీసా తెరుస్తారా?"

"తెరుస్తారండి."

"అందులో ఏముందో వాడికి చెప్పేవా?"

తాయారు తల వంచుకుంటుంది. చెప్పలేదు. ఏడాదిగా ఆ మాట గొంతుకడ్డం పడి ఉంది, అన్నం ముద్ద దిగినా అది దిగడం లేదు. ఆ సీసాలో ఉన్నది నూకరాజు ఫ్రాన్సునుంచి తెచ్చిన వైను కాదని ఈ భూమ్మీద తెలిసింది ఆమె ఒక్కదానికే. సాయంత్రం ఆ దొరసాని ఒక్క చుక్క నాలుకమీద వేసుకుందంటే చాలు, సూరిబాబుకు తెలిసిపోతుంది. తండ్రి ఆఖరి గుక్క విషయంలో పెళ్ళాం మోసం చేసిందని పరాయి మనిషి ముందు తెలియడం, పాతికేళ్ళు దాటిన కాపురంలో అంతకంటే గొడ్డలిపెట్టు ఇంకేముంటుంది?

అసలు ఆ సీసా సంగతి ఇది. యానాం ఇండియాలో కలిసిపోయిన రోజుల్లో నూకరాజుకు ఇరవై ఏళ్ళు. ఎవరికి ఏ దేశం కావాలో చెప్పమంటే, వల పట్టుకోవడం ఇష్టంలేని ఆ కుర్రవాడు ఫ్రెంచి కాగితం మీద సంతకం పెట్టి ఓడెక్కేశాడు. కొన్నాళ్ళు పటాలంలో, తరవాత ఆ మాళిగలో. మూడేళ్ళకోసారి ఇంటికి వచ్చేవాడు, పెళ్ళయినా అంతే. అరవై ఎనిమిదిలో కొడుకు సూరిబాబు పుట్టిన కబురు ఉత్తరంలో చేరేసరికి అక్కడ ద్రాక్షకోతలు, కోతలన్నాళ్ళూ ఒకటే వాన. ఆ ఏటి సరుకు పదేళ్ళు కూడా నిలవదని అంతా పెదవి విరిచారు. పెద్ద మదాం మాత్రం ఒక్క సీసా తీసి పక్కన పెట్టి, "నుకా, ఇది నీ కొడుకు పుట్టిన ఏటిది, వాడు పెద్దయ్యాక ఇద్దరూ కలిసి తాగండి," అందట. అరవయ్యో ఏట నూకరాజు యానాం తిరిగివచ్చినప్పుడు పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చింది ఆ ఒక్క సీసాయే.

సూరిబాబుకు దాన్ని చూస్తేనే మంట. "మా నాన్నని నాకు లేకుండా చేసింది ఆ సారాయే, చచ్చినా ముట్టను," అనేవాడు, జీవితంలో ఏ మందూ ముట్టలేదు కూడా. ఫ్రెంచివాళ్ళు వైనును 'వాఁ' అంటారట. నూకరాజు నోట ఆ మాట సగంలో ఆగి వాన అన్నట్టు వినిపించేది. "ఒరే సూరీ, వాఁ తాగుదాం రారా," అని పండగకీ పబ్బానికీ ఆయన పిలవడం, "తరవాత చూద్దాంలే నాన్నా," అని ఈయన చెప్పులేసుకుని వీధిలోకి పోవడం, తండ్రీకొడుకులు వాన తాగుతారటర్రా అని పక్కింటివాళ్ళు నవ్వడం, ఇదే వరస. తరవాత తరవాత అంటూనే ఇరవై నాలుగేళ్ళు గడిచిపోయాయి.

"ఇటు రా," అంటున్నాడు నూకరాజు. ఆయన నడుస్తుంటే అడుగుల చప్పుడు లేదు, ఏప్రాను తాళ్ళు మాత్రం ఊగుతున్నాయి. జాడీలు దాటగానే గోడపొడుగునా అరలు, అరల్లో సీసాలు, అన్నీ అడ్డంగా పడుకుని ఉన్నాయి, అన్నిటి మూతులూ దక్షిణానికే. సరిగ్గా దీని గురించే కదా మావగారితో ఆమె యుద్ధమంతా!

సీసా ఇంటికి వచ్చినరోజునుంచీ అదే తంతు. ఆయన దాన్ని గూట్లో పడుకోబెట్టేవాడు, ఆమె గూడు తుడిచినప్పుడల్లా నిలబెట్టేది. దక్షిణానికి తలపెట్టి పడుకున్నదాన్ని చూస్తే ఆమెకు పీనుగే గుర్తొచ్చేది, నట్టింట్లో అలాంటిది ఎవరుంచుకుంటారు? పైగా బిరడా తడుస్తోంది. నిలవసరుకు మూతికి తడి తగలకూడదన్నది ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న చదువు. ఆయన ఒకసారి కాదు, వందసార్లు చెప్పాడు: "నీ జాడీ తడి తగిలితే చెడుతుంది, నా సీసా తడి ఆరితే చెడుతుంది. బిరడా ఎండిందంటే గాలి దూరిపోద్దమ్మా." ఆమె చెవికెక్కించుకుంటేగా! చివరి ఆరేళ్ళు ఆయన మంచం దిగలేదు, పడుకున్న చోటునుంచి గూడు కనిపించదు. ఆ ఆరేళ్ళూ సీసా శుభ్రంగా నిలబడే ఉంది, మూతికి పొడిగుడ్డ కట్టించుకుని.

ఇప్పుడు కూడా ఆమె చెయ్యి ఆగడం లేదు. వద్దు వద్దు అనుకుంటూనే తడిచేత్తో ఒక సీసాను పట్టుకుని నిలబెడుతుంది. సీసా వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన ఒంటిలాగా. నిలబెట్టగానే లోపలినుంచి దగ్గు వినిపిస్తుంది, పొడిదగ్గు, రెండుసార్లు. ఆ దగ్గు తాయారు ఎరగనిది కాదు. అత్తగారు ఆదెమ్మ పోయి పదిహేనేళ్ళయింది.

"పడుకోనియ్యి అమ్మాయ్," అంటాడు నూకరాజు చిన్నగా. "దానికి ఇప్పుడే నిద్రపట్టింది."

తాయారు గబగబా సీసాను పడుకోబెడుతుంది, దగ్గు ఆగిపోతుంది. ఆ అరలో, పై అరలో, కింది అరలో, ఎన్నో గుండెలు ఒకేసారి ఊపిరి తీసి వదిలిన చప్పుడు సన్నగా మాళిగంతా పాకుతుంది. ఆమెకు ఏడుపు వస్తోంది. పారిపోదామని వెనక్కి తిరిగితే మెట్లు లేవు, మెట్లున్న చోట తమ ఇంటి ముందుగది ఉంది, గదిలో నులకమంచం ఉంది, మంచంమీద నూకరాజు పడుకుని ఉన్నాడు.

మంచంమీదా ఆయనే, పక్కన వీపు పెట్టి నిలబడ్డదీ ఆయనే. ఇద్దర్నీ చూస్తూ తాయారు గుమ్మంలో నిలబడింది. ఇది ఆ రోజు పొద్దుటిపూట. జ్యేష్ఠమాసం, ఎండ అప్పుడే చిటపటలాడుతోంది, ఇరుగుపొరుగులు మంచం చుట్టూ మూగారు, సూరిబాబు తండ్రి పాదాలు పట్టుకుని కింద కూర్చున్నాడు. మంచంమీది నూకరాజు పెదవులు కదులుతున్నాయి. "వా... వా..." అంటున్నాడు. "పాపం, వాన కోసం అడుగుతున్నాడు," అంటోంది పక్కింటామె. "మృగశిర ఇంకా రాలేదు తాతా, వచ్చేస్తాది," అని ఎవరో ఓదారుస్తున్నారు. అందరూ తలలూపుతున్నారు, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన అడుగుతున్నది ఏమిటో ఆ గుంపులో అర్థమయింది తాయారుకే. సూరిబాబుకు అర్థమయిందో లేదో, ఆయన తలెత్తలేదు.

"అప్పుడు నువ్వు వంటింట్లోకెళ్ళేవు," అంటాడు పక్కనున్న నూకరాజు.

"వెళ్ళేనండి. సీసా తీసుకుని వెళ్ళేను."

"ఊఁ."

"బిరడా పట్టుకుంటే తౌడులా రాలిపోయిందండి. సగం లోపల పడిపోయింది. వాసన చూస్తే గుప్పుమని పులుపండి మావయ్యగారూ! నా గుండె జారిపోయింది. నేను నిలబెట్టడం వల్లే కదా, మీరు చెప్తూనే ఉన్నారు కదా. ఆ పాడయిపోయింది మీ నోట్లో ఎలా పొయ్యమంటారు? పోతే పోయిందని మీ అబ్బాయికి ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటారు? తూములో పారబోసేసేనండి. తూమంతా ఎర్రగా అయింది."

ఆ మాట అంటుండగానే గది గోడ వంటింటి తూము అవుతుంది, ఎర్రటి ధార చప్పుడు లేకుండా పారుతోంది, ఎంతకూ అవదు. ఒక్క సీసాలో ఇంత ఉంటుందా?

"తరవాత?"

"పొద్దున్నే నేరేడుపళ్ళు కడిగి పెట్టుకున్నానండి, పిల్లలకని. నాలుగు పిసికి రసం తీసేను. రంగు అలాగే ఉంది. చెంచాతో తెచ్చి మీ నోట్లో పోసి, ఇదిగోండి మావయ్యగారూ మీరడిగింది, అన్నాను."

అందరూ తులసితీర్థమే అనుకున్నారు. మొదటి చెంచా లోపలికి వెళ్ళింది. రెండో చెంచా పోసేసరికి ఆయన కళ్ళు తెరిచి ఆమెవంక సూటిగా చూశాడు. నోటిచివరనుంచి ఊదారంగు ధార దిండుమీదకు కారింది. "దిగలేదు, అయిపోయింది," అంది పక్కింటామె. సూరిబాబు గొల్లుమన్నాడు. తాయారు మాత్రం చెంచా పట్టుకుని కొయ్యబారిపోయింది. మాళిగలో రుచి చూసేవాళ్ళు మింగరని, సరుకు ఏపాటిదో నాలుకతో చూసి ఉమ్మేస్తారని నూకరాజు ఎన్నోసార్లు చెప్పాడు. ఈయన రుచి చూశాడు, ఇది వైను కాదని పోల్చుకున్నాడు, ఉమ్మేశాడు. తన కోడలు మోసం చేసిందని తెలుసుకుని మరీ పోయాడు. ఆ రోజునుంచీ తాయారు మనసులో ఉన్నది ఇదే, ఇది తప్ప ఇంకొకటి లేదు. పదకొండో రోజు వెళ్ళాక ఎవరూ చూడకుండా ఇంకొన్ని నేరేడుపళ్ళు పిసికి, ఆ రసం బెల్లం వేసి కాచి, ఖాళీసీసా నింపి, కొత్త బిరడా కొట్టి, పైన లక్క కరిగించి పోసి గూట్లో పెట్టేసింది. అలవాటు కొద్దీ నిలబెట్టే పెట్టింది.

"పులుపు వాసనని పారబోసేవా," అంటాడు నూకరాజు. కోపం లేదు ఆ గొంతులో. అడుగుతున్నాడంతే. "అంతకు ముందు ఎప్పుడైనా వైను వాసన చూసేవా అమ్మాయ్?"

"లేదండి."

"మంచి వైను ఎలా ఉంటాదో, చెడింది ఎలా ఉంటాదో నీకు తెలుసా?"

తాయారు తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపుతుంది.

"వైనంటేనే పులుపు కదమ్మా."

అయ్యో! అయ్యయ్యో! ఈ ఊహ ఏడాదిలో ఒక్కసారి కూడా ఆమెకు తట్టలేదు. పాడయిందనే అనుకుంది, పాడుచేశాననే ఏడ్చింది. అది చెడిపోకపోతే? అది అలాగే ఉండవలసిందయితే? యాభై ఏళ్ళు ఎదురుచూసిన సరుకును, బాగానే ఉన్నదాన్ని, పురుగుపడ్డ బియ్యం పారబోసినట్టు పారబోసిందా తను? "చెడిపోయిందా లేదా చెప్పండి మావయ్యగారూ," అంటుంది ఆయన వీపుతో. "మీకు తెలుసు కదండీ, చెప్పండి!"

"నాకెలా తెలుస్తాది? నేను చూళ్ళేదు కదా. చూసింది నువ్వు, తాగింది తూము." ఆయన భుజాలు కొంచెం కదులుతాయి, నవ్వుతున్నాడో ఏమో తెలియదు. "వానల ఏటి పంట. ఎప్పుడో పోయుంటాది కూడా. అది ఇంక ఎవరికీ తెలీదు. వదిలెయ్యి."

వదిలెయ్యి అంటే వదిలిపోయేదా! మంచమూ మనుషులూ మసకబారిపోతున్నారు, గది మళ్ళీ మాళిగ అవుతోంది, కాళ్ళకింద నేల మెత్తగా ఒండ్రులా అవుతోంది. ఎక్కడినుంచో నీళ్ళు వస్తున్నాయి. అడుగునున్న అరలు మునుగుతున్నాయి, జాడీలు కదిలి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఇంక వ్యవధి లేదని, ఇప్పుడడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని తాయారుకు తెలిసిపోతుంది.

"మావయ్యగారూ, నన్ను తిట్టండి, కొట్టండి, ఒక్కమాట చెప్పండి. నేను మోసం చేసేననే ఉమ్మేసేరా?"

నూకరాజు మెల్లగా ఇటు తిరుగుతాడు. ముఖం అదే, గడ్డం తెల్లగా మాసి ఉంది, కళ్ళు ఆ పొద్దున చూసినట్టే సూటిగా ఉన్నాయి. కుడిబుగ్గ మాత్రం ఉబ్బి ఉంది. నోటినిండా ఏదో పట్టుకుని ఉన్నాడు. పెదవులు ఊదారంగుగా ఉన్నాయి, ఆరిపోలేదు, ఇప్పుడే తడిసినట్టున్నాయి. ఇంతసేపూ ఆ గొంతు ఎందుకు ముద్దగా ఉందో తాయారుకు ఇప్పుడు అర్థమయింది. ఆయన నోరు కదలడం లేదు, మాట మాత్రం వినిపిస్తోంది.

"ఉమ్మలేదు అమ్మాయ్. కారిందంతే. మిగతాదంతా ఇక్కడే ఉంది," అంటూ వేలితో బుగ్గ చూపిస్తాడు. "నాలిక్కి తగలగానే నేరేడని తెలిసింది. ఉమ్మేద్దామనే అనుకున్నా. మా ఇంటి కోడలు వణికిపోతా పోసిందాన్ని మొహంమీద ఉమ్ముతానా? పోనీ మింగుదామనుకున్నా. కొడుకుతో కలిసి మింగాలని యాభై ఏళ్ళు దాచుకున్నవాణ్ణి, కాళ్ళదగ్గర వాడు కూర్చునుంటే ఒక్కణ్ణీ ఎలా మింగుతాను? ఏం చెయ్యాలో తేల్చుకోకుండానే ఊపిరి పోయింది. ఏడాదయింది. ఉమ్మడానికి ఇక్కడ చోటు లేదు."

తాయారు ఏడుస్తోంది. జాలో భయమో ఆమెకే తెలియడం లేదు, రెండూ కలిసి వస్తున్నాయి. "నన్నేం చెయ్యమంటారండీ?"

"వాడు మింగితే నేను మింగేస్తా."

"అది వైను కాదు కదండీ!"

"ఆ మాటే వాడికి చెప్పు. చెప్పి పొయ్యి. తెలిసి మింగితే దిగుద్ది. చెప్పకుండా పోసేవంటే వాడికీ ఇలాగే నిలబడిపోద్ది."

ఆయన దగ్గరగా వంగుతున్నాడు. గోడపొడుగునా బిరడాలు కిర్రుకిర్రుమంటున్నాయి, నీళ్ళు మోకాలు దాటాయి, ఆయన పెదవిచివర ఒక చుక్క ఊరి, సాగి, తాయారు తడిచేతిమీద పడుతుంది. వెచ్చగా ఉంది. అలాగేనండి చెప్తానండి అందామని నోరు తెరవబోతే తన నోటినిండా కూడా ఏదో ఉంది, పుల్లగా, వగరుగా. మింగలేదు, ఉమ్మలేదు, ఊపిరాడడం లేదు, "చెప్పు" అన్న మాట నూకరాజు గొంతులోంచి కాకుండా సూరిబాబు గొంతులోంచి వస్తున్నట్టుంది, తాయారు పైకి, పైకి, లేని మెట్లమీదుగా పైకి...

కళ్ళు తెరిచింది. పైన ఫ్యాను తిరుగుతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నిన్నటి వంటల అలసటతో ఒక్క కునుకు తీద్దామని చాపమీద ఒరిగిన చోటే ఉంది. గోడగడియారంలో నాలుగు కావస్తోంది. జాకెట్టు చెమటకు ఒంటికంటుకుపోయింది.

కిటికీ పక్కన సూరిబాబు నిలబడి ఉన్నాడు. బల్లమీద సీసా, విరిగిన లక్క ముక్కలు, బిరడా, కొత్త గ్లాసుల్లో ఒకటి. ఆయన కుడిబుగ్గ ఉబ్బి ఉంది.

తాయారుకు కలనుంచి లేచానా లేదా అని అనుమానం వచ్చి చాప గట్టిగా పట్టుకుంది. సూరిబాబు ఆమెను చూసి, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లవాడిలా కంగారుపడి, సీసావైపు, వాకిలివైపు చెయ్యి ఊపాడు. ఏ మందూ ఎరగని మనిషి, సాయంత్రం ఆ దొరసాని ముందు మొదటి గుక్కకే ముఖం వికారంగా పెడతానేమోనని ముందుగా చూసుకుంటున్నాడని ఆమెకు తెలిసింది. నోట్లో పోసుకున్నాడు కాని ఏం చెయ్యాలో ఆయనకు పాలుపోవడం లేదు. కిటికీ తలుపు తెరిచే ఉంది, అవతల దొడ్డి, ఉమ్మాలంటే తల కొంచెం వంచితే చాలు.

"ఏవండీ," అంది తాయారు. "అది మావయ్యగారి వైను కాదండి. నేరేడురసం. అసలుది చెడిపోయిందనుకుని నేనే పారబోసేను, దాన్ని నిలబెట్టి ఎండబెట్టింది కూడా నేనే. ఆ రోజు ఆయన నోట్లో ఆఖర్న పోసింది కూడా ఈ రసమే. ఆయన వాన అడగలేదండి, ఇది అడిగేరు. ఇస్తున్నానని చెప్పి మోసం చేసేను."

సూరిబాబు కిటికీలోంచి దొడ్లోకి చూశాడు, సీసావంక చూశాడు, తాయారువంక చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తరవాత కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, కంఠం పైకి లేచి కిందికి దిగింది.

పెదవిచివర ఊదారంగు మరక మిగిలింది. ముంజేత్తో తుడుచుకున్నాడు.

"మావయ్యగారు మింగలేదండీ," అంది తాయారు ఏడుస్తూ.

"తెలుసు. కాళ్ళదగ్గరే ఉన్నాను కదా." ఆయన గ్లాసు ఎత్తి వెలుగులో ఒకసారి చూశాడు. "నేను మింగేను కదే," అని, మిగిలింది ఆమె చేతికిచ్చాడు.